కుక్కర్ రబ్బరు

స్టేషన్లో టికెట్టు చూసినాయన
"మి డక్" అన్నాడు.
లాఫ్‌బరోలో నేను పనిచేసే ముసలాళ్ళ హోములోనూ
అందరూ అలాగే పిలుస్తారు.
నన్ను బాతునెందుకు చేశారో తెలియక
మొదటి వారం నడక మార్చుకున్నాను.
తర్వాత ఎవరో చెప్పారు, అది ముద్దుమాటని,
మన తల్లీ, బంగారం లాంటిదని.
అయినా ఆ పిలుపు వింటే
ఒకసారి కాళ్ళవైపు చూసుకుంటాను.

లెస్టర్‌లో దిగితే బెంగ తీరుతుందన్నారు,
బెల్‌గ్రేవ్ రోడ్డెక్కితే ఇండియాయేనన్నారు.
నిజమే, జిలేబీ ఉంది, బంగారం కొట్లున్నాయి,
అద్దాల వెనక బొమ్మలు పట్టుచీరలు కట్టుకుని
నవంబరు వాన చూస్తున్నాయి.
బోర్డుల మీద అక్షరాలు
దూరానికి మనవాళ్ళలాగే ఉన్నాయి.
దగ్గరికెళ్తే,
తెలిసినామె అనుకుని భుజం తడితే
ఇంకెవరో వెనక్కి తిరిగినట్టు.

కొట్లో కుర్రాడు, పద్దెనిమిదేళ్ళుంటాయేమో.
"కుక్కర్ రబ్బరు" అన్నాను.
ఇంతకన్నా ఇంగ్లీషు మాట
మా టెక్కలి మొత్తంలో దొరకదు.
లోపలికెళ్ళి
పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు తెచ్చాడు.
కాదు బాబూ, కుక్కర్, కుక్కర్ అంటే
గ్యాసు పొయ్యి బాగుచేసే మనిషి నంబరు
కాగితం మీద రాసిచ్చాడు.
రెండు మాటలూ వాళ్ళవే.
మా ఇంట్లో పెరిగి
కన్నవాళ్ళే గుర్తుపట్టనంత మారిపోయాయి.

నా వెనకున్నామె హిందీలో ఏదో అడిగింది.
తల అడ్డంగా ఊపాను.
"ఇండియన్ కాదా?" అంది, ఈసారి ఇంగ్లీషులో.
పదో తరగతిలో ఇరవై మార్కులకి
హిందీ గండం గట్టెక్కినదాన్నని
ఏ భాషలో చెప్పను?
గంగానది మీద వ్యాసం బట్టీపట్టాను గానీ
రబ్బరు మీద పట్టలేదే.

లైన్లో అయిదుగురు. చెవులు కాలిపోతున్నాయి.
ఇంకేం చెయ్యను,
రెండు చేతులూ గుండ్రంగా పట్టి
పళ్ళ సందులోంచి ఆవిరి వదిలాను.
స్‌స్‌స్‌... స్‌స్‌స్‌స్‌...

కొట్టు మొత్తం ఆగిపోయింది.
మిరపకాయల బస్తాల వెనక, స్టూలు మీద,
శాలువా కప్పుకున్న ముసలామె నవ్వింది.
కట్టుడుపళ్ళు జారేంత నవ్వింది.
పేరు హంసాబెన్, పుట్టింది ఉగాండాలో, జింజాలోనట.
తిట్టడానికి స్వాహిలీ,
దేవుడితో గుజరాతీ,
ఇంగ్లీషు కరెంటు బిల్లుల వరకేనని
మనవడే తర్వాత చెప్పాడు, నెమ్మదిగా, రెండుసార్లు.

ఆమె మూడు వేళ్ళు చూపించింది.
ఆపైన అయిదు.
కళ్ళెగరేసింది.
అర్థమైపోయింది నాకు!
ఆ ఊళ్ళో మొదటిసారి
ఒక ప్రశ్న ప్రశ్నలాగే వచ్చి చేరింది.
పప్పుకి ఎన్ని కూతలని కదా.
మూడు వేళ్ళు ఎత్తాను, గర్వంగా.

అరచేతిలో రబ్బరు పెట్టి
వేళ్ళు తనే మూసింది.
ఆమె చేతికి ఇంగువ వాసన.
చెరిపే రబ్బరుక్కూడా నలభై పెన్నీలిచ్చాను,
వద్దని చెప్పడం రాక.

ఇంటికొచ్చి చూస్తే
మూతకి జానెడు చాల్లేదు.
ఆవిడ అడిగింది లీటర్లు.
నాది అయిదు లీటర్ల కుక్కర్.

కోపమేం రాలేదు.
రబ్బరుని గాజులా చేతికేసుకుని
గిన్నెలోనే ఉడకబెట్టాను కందిపప్పు.
గంటన్నర పట్టింది,
అయినా పలుకు పోలేదు.

మళ్ళీ శనివారం
మాట ఇంట్లో వదిలేసి
మూత పట్టుకెళ్ళాను.
రైల్లో ఒళ్ళో మూత.
ఎదురు సీటాయన ఏదో అడిగాడు,
సగం మాటలు కిటికీ చప్పుడులో రాలిపోయాయి.
మూత పైకెత్తి చూపించాను.
కాసేపు దాన్నే చూసి
కోటు జేబులోంచి
విరిగిన కుళాయి పిడి ఒకటి తీసి
తనూ నాకు చూపించాడు.

లెస్టర్ వచ్చేదాకా
ఇంకేం మాట్లాడుకోలేదు ఇద్దరం.